సంచి విప్పడం నుంచి మొదటి మాత్ర దాకా: పెద్దవాళ్లు సంరక్షణ గృహంలో చేరే రోజు మందుల్లో పొరపాటు జరగకుండా ఏం చేయాలి

శనివారం సాయంత్రం ఆరున్నరకు గేటు ముందు కారు ఆగుతుంది. వెనక సీట్లో డెబ్భై ఎనిమిదేళ్ల అవ్వ, ఆమె ఒళ్లో ఆసుపత్రి ఫైలు, కాళ్ల దగ్గర బట్టల దుకాణం పేరున్న సంచి. కొడుకు తెల్లవారుజామున విమానం ఎక్కాలి. "మందులన్నీ ఇందులోనే ఉన్నాయి సిస్టర్, ఎలా వేయాలో చీటీలో రాసి ఉంది" అని సంచి మన చేతికిచ్చి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోతాడు. మన పని అక్కడ మొదలవుతుంది. పొరపాట్లు కూడా చాలావరకు అక్కడే మొదలవుతాయి.

హనుమకొండలో ఇలాంటి గృహంలో నర్సుగా చేరిన మొదటి ఏడాది నేను చేసిన తప్పు ముందు చెబుతాను. ఆ సంచిలో బీపీ మాత్రల స్ట్రిప్పులు రెండు ఉన్నాయి. ఒకటి ఇంట్లో ఎప్పటి నుంచో వాడుతున్నది, రెండోది ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు కొన్నది. రెండింటి మీద పెద్ద అక్షరాల్లో వేర్వేరు పేర్లు. కింద చీమంత అక్షరాల్లో మాత్రం ఒకటే మందు: టెల్మిసార్టాన్ 40 మిల్లీగ్రాములు. నేను రెండూ వేశాను. తెల్లారి అవ్వ స్నానాల గది గడప దగ్గర పడిపోయింది. బీపీ చూస్తే 90/50. ఎముక విరగలేదు కానీ నుదుటి మీద మూడు కుట్లు పడ్డాయి. అప్పటి నుంచి ఎవరు కొత్తగా వచ్చినా ఒక గంట పక్కన పెడుతున్నాను. ఆ గంటలో ఏం చేయాలో కింద రాస్తున్నాను.

నర్సింగ్ హోమ్ అంటే మన దగ్గర చిన్న ప్రైవేటు ఆసుపత్రి అనే అర్థం స్థిరపడింది. నేను చెబుతున్నది పెద్దవాళ్లు నెలల తరబడి, ఏళ్ల తరబడి ఉండే సంరక్షణ గృహాల గురించి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల జరిగే హానిని తగ్గించే కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు మూడు సందర్భాల్లో ప్రత్యేకంగా జాగ్రత్త పడమంది: ప్రమాదం ఎక్కువగా ఉండే పరిస్థితులు, ఒకే మనిషి చాలా మందులు వాడడం, రోగి ఒక చోటి నుంచి మరో చోటికి మారడం. మన గేటు దగ్గర కారు దిగే మనిషి దగ్గర తరచూ ఈ మూడూ కలిసి ఉంటాయి.

రాకముందే ఫోను చేయండి

చేరే తేదీ ఖాయం కాగానే ఇంటివాళ్లకు ఫోను చేయండి. "మందులు తీసుకురండి" అంటే చాలదు. వాళ్ల దృష్టిలో మందులంటే మాత్రలే. కంటి చుక్కలు, పీల్చే మందు, ఇన్సులిన్, మోకాళ్లకు రాసే జెల్, నిద్రమాత్ర, మలబద్ధకానికి తాగే పొడి, ఆయుర్వేద లేహ్యం, ఊళ్లో ఇచ్చిన పసరు, ఇలా ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగండి. ఆపేసిన మందులు కూడా తెమ్మనండి, పారేయవద్దని చెప్పండి. ఏది ఆపేశారో తెలియకపోతే ఏది నడుస్తున్నదో తేలదు.

మందులు ఎక్కడెక్కడి నుంచి వస్తున్నాయో కూడా కనుక్కోండి. మన వైపు ఒకే ఇంట్లో నాలుగు దారులుంటాయి. ఊళ్లో ఆశా కార్యకర్త ఇచ్చిన బీపీ, షుగర్ మాత్రలు, వరంగల్ సర్కారు ఆసుపత్రి ఎంజీఎం నుంచి తెచ్చుకున్నవి, కాజీపేట రైల్వే పింఛనుదారు అయితే రైల్వే ఆసుపత్రివి, హైదరాబాద్‌లో పెద్ద డాక్టరు రాసినవి. వీటిలో ఏ ఇద్దరు డాక్టర్లూ ఒకరి చీటీ ఒకరు చూసి ఉండరు.

వీలైతే ఉదయం రమ్మనండి, అదీ సోమవారం నుంచి శుక్రవారం లోపు. సందేహం వస్తే డాక్టరు, ఆసుపత్రి వార్డు, మందుల షాపు మూడూ దొరికే వేళ అది.

సంచి విప్పడం

బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచి సంచి మొత్తం దాని మీద బోర్లించండి. చేయి పెట్టి ఒక్కొక్కటి తీస్తే అడుగున ఏదో ఒకటి ఉండిపోతుంది. ఇంటి మనిషి ఎదురుగా ఉండగానే ఈ పని చేయండి. వాళ్లు వెళ్లిపోయాక చేస్తే జవాబు చెప్పేవారుండరు.

మూడు కుప్పలుగా వేరు చేయండి: ఇప్పుడు వాడుతున్నవి, ఆపేసినవి, ఏదీ తేలనివి. మూడో కుప్ప ఖాళీగా ఉంటే అనుమానించండి. ఎవరో ఊహించి చెప్పారన్నమాట.

ప్రతి స్ట్రిప్పునూ తిప్పి వెనక చదవండి. పెద్ద అక్షరాల పేరు కంపెనీది, మందు పేరు కింద చిన్నగా ఉంటుంది. చదవలేకపోతే ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. ఒకే మందు రెండు పేర్లతో ఉండడం ఒక ఉచ్చు అయితే, కలిపిన మాత్రలు ఇంకో ఉచ్చు. బీపీ మాత్ర పేరు చివర 'ఏఎం' అని ఉంటే అందులో ఆమ్లోడిపిన్ కూడా ఉందన్నమాట. పక్కనే విడిగా ఆమ్లోడిపిన్ స్ట్రిప్పు ఉంటే అది రెండుసార్లు పడుతున్నట్టే, పాదాల వాపుకు కారణం కూడా అదే కావచ్చు. ఆస్పిరిన్ ఒక్కటే ఉన్న మాత్ర, ఆస్పిరిన్‌తో కొలెస్ట్రాల్ మందు కలిపిన మాత్ర దాదాపు ఒకే పేరుతో అమ్ముతారు. పారాసిటమాల్ అయితే జ్వరం మాత్రలో, జలుబు మాత్రలో, ఒళ్లునొప్పుల మాత్రలో మూడు చోట్లా దాక్కుని ఉంటుంది.

మన మందుల షాపుల్లో స్ట్రిప్పును కత్తెరతో కోసి ఐదో ఆరో మాత్రలు ఇవ్వడం మామూలే. అలా కోసినప్పుడు పేరు ఒక ముక్కకు, గడువు తేదీ ఇంకో ముక్కకు పోతాయి. పేరు లేని ముక్కలోని మాత్రను, రంగు చూసి గుర్తుపట్టినా సరే, వేయకండి. ఒకసారి ఒక అవ్వ వక్కాకుల డబ్బాలో పదిహేడు విడి మాత్రలు తెచ్చుకుంది. తెల్లవి పద్నాలుగు, పసుపువి మూడు. "అన్నీ గ్యాసువే బిడ్డా" అంది. తెల్లవాటిలో కనీసం రెండు రకాలున్నాయని వాటి మీది గీతలు చూస్తేనే తెలిసింది. డబ్బా ఇంటికి పంపి, చీటీ ప్రకారం కొత్తవి తెప్పించాం.

మనిషిని అడగడం

"ఏమేం మందులు వాడుతున్నారు?" అని అడిగితే "బీపీకి, షుగరుకి" అని జవాబొస్తుంది, అక్కడితో అయిపోతుంది. రోజును వెంబడించి అడగండి. "అవ్వా, పొద్దున ముఖం కడుక్కున్నాక మొదట ఏం మింగుతావు? చాయ్‌కి ముందా, తర్వాతా? టిఫిన్ అయ్యాక? పడుకునే ముందు?" థైరాయిడ్ మాత్ర ఇలా అడిగినప్పుడే బయటపడుతుంది. అది దిండు పక్కనే ఉంటుంది కాబట్టి సంచిలోకి ఎక్కదు. ఖాళీ కడుపుతో, టిఫిన్‌కు కనీసం అరగంట ముందు పడాలి. క్యాల్షియం, ఐరన్ మాత్రలకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. మన దగ్గర తెలియక అన్నీ కలిపి ఎనిమిది గంటలకు వేస్తే ఆ మాత్ర సరిగా ఒంటికి పట్టదు.

తర్వాత వారానికి ఒకసారి, నెలకు ఒకసారి పడేవి అడగండి. నొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటారా అని అడగండి, అందులో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఉంది. స్టెరాయిడ్ చాలాకాలం వాడి ఒక్కసారిగా మానేస్తే బీపీ పడిపోయే ప్రమాదం ఉంది. ఏ మందైనా పడక దద్దుర్లు, ఊపిరాడకపోవడం వచ్చాయా అని అడగండి. "పడదు" అంటే వాంతి అయిందనా, ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయనా, తేల్చుకుని రాయండి.

అందరూ మొహమాటపడే ప్రశ్న ఒకటుంది: కల్లు. తెలంగాణలో కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ దొరికిన కేసులు ఎన్నో ఉన్నాయి. రోజూ సాయంత్రం సీసా తాగే తాత మన దగ్గర చేరిన రోజు నుంచి అది బందవుతుంది. ఒకటి రెండు రోజుల్లోనో, ఆ వారంలోనో చేతులు వణకడం, నిద్ర లేకపోవడం, పొంతన లేని మాటలు, ఒక్కోసారి ఫిట్స్. కొత్త చోటు పడలేదని, మతిమరుపు ముదిరిందని అనుకుని మత్తుమాత్ర వేసి పడుకోబెడతారు. ముందే తెలిస్తే డాక్టరు దానికి తగ్గట్టు చూస్తారు. కోడలి ముందు అడగకండి, తాతను విడిగా అడగండి, నిజం చెబుతాడు. నిద్రమాత్రలు ఏళ్ల తరబడి వాడినవాళ్ల విషయమూ ఇంతే, ఒక్కసారిగా ఆపకూడదు.

చివరిగా, ప్రతి మందుకూ ఒకే ప్రశ్న: ఆఖరిసారి ఎప్పుడు వేశారు? ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చినవాళ్లకు వార్డులో మధ్యాహ్నం ఇన్సులిన్ ఇచ్చి పంపుతారు. ఆ సంగతి కాగితంలో ఉండదు.

జాబితా రాయడం

ఇప్పుడు మీ దగ్గర మూడు సాక్ష్యాలున్నాయి: కాగితం, సంచి, మనిషి మాట. మూడూ కలిసినవాటిని ముందు రాసేయండి, గొడవ లేదు. కలవనివే అసలు పని.

డిశ్చార్జి సమ్మరీలో ఉన్నది సాధారణంగా ఆసుపత్రిలో ఇచ్చిన మందుల జాబితా. ఇంట్లో పదేళ్లుగా వాడుతున్న ఫిట్స్ మాత్ర, కంటి చుక్కలు అందులో కనిపించకపోతే, డాక్టరు ఆపేశారా, రాయడం మరిచారా? ఆ కాగితం చూసి చెప్పలేం. వార్డుకు ఫోను చేసి మూడు విషయాలు అడగండి: కొత్తగా ఏది మొదలైంది, ఏది మోతాదు మారింది, ఏది ఆపేశారు, ఎందుకు. యాంటీబయాటిక్ ఉంటే ఇంకా ఎన్ని రోజులో కూడా అడగండి. ఐదు రోజుల మందు మన దగ్గర నెల రోజులు నడవడం నేను చూశాను.

చీటీల సంగతి తెలిసిందే. మందును జెనరిక్ పేరుతో (కంపెనీ పేరు కాదు, అసలు మందు పేరు), చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని అప్పటి భారత వైద్య మండలి 2016లోనే నిబంధన సవరించింది. మన చేతికొచ్చే చీటీల మీద అది ఎంతవరకు కనిపిస్తుందో మీరే చెప్పాలి. కనీసం మనం తిరిగి రాసేటప్పుడైనా ఆ తప్పు చేయకుండా ఉందాం. ఓడీ, బీడీ, హెచ్‌ఎస్ వంటి పొట్టి రాతలు వద్దు. 'ఓడీ' అంటే రోజుకు ఒకసారి అని ఒకరికి, కుడి కన్ను అని కంటి డాక్టరుకు. "ఉదయం టిఫిన్ తర్వాత 1" అని తెలుగులోనే రాయండి, రాత్రి డ్యూటీ ఆయమ్మకు కూడా అర్థమవుతుంది. అర మిల్లీగ్రామును 0.5 అని రాయండి, ముందు సున్నా లేకపోతే చుక్క కనపడక 5 అవుతుంది. 5.0 అని రాస్తే 50 అవుతుంది. ఇన్సులిన్ అంకె పక్కన ఆంగ్ల 'యు' రాస్తే సున్నాలా కనిపిస్తుంది, 'యూనిట్లు' అని పూర్తిగా రాయండి. థైరాయిడ్ మాత్ర మైక్రోగ్రాముల్లో ఉంటుంది, దాన్ని మిల్లీగ్రాములని రాస్తే వెయ్యి రెట్ల తేడా.

వరుస ఇలా ఉంటే చాలు: మందు పేరు, స్ట్రిప్పు మీది పేరు, బలం, ఎప్పుడు ఎన్ని, ఎందుకు, ఆఖరి డోసు, ఎవరు చెప్పారు. 'ఎందుకు' అన్న గడి ఖాళీగా ఉంటే వదలకండి. ఏ జబ్బుకో ఎవరికీ తెలియకుండా నడిచే మాత్ర ప్రతి సంచిలో ఒకటైనా ఉంటుంది. తరచుగా అది పాత చీటీ నుంచి కొత్త చీటీకి ఎక్కుతూ వచ్చిన గ్యాసు మాత్ర. ఫైలులో ఇటీవలి క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చూపే రక్తపరీక్ష) రిపోర్టు ఉంటే జాబితాకు పిన్ను చేయండి. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ పనికిరాదు, డాక్టరు ఆ అంకె చూసే నిర్ణయిస్తారు.

ఇన్సులిన్, ఇంకా కొన్ని

ఇక్కడ నిదానించండి. మన దేశంలో సీసాల్లో వచ్చే ఇన్సులిన్‌లో మిల్లీలీటరుకు 40 యూనిట్లవీ ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. పెన్నుల్లో వేసే కార్ట్రిడ్జిలు మామూలుగా 100వి. సిరంజిలు కూడా రెండు రకాలు, 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. డాక్టరు 20 యూనిట్లు అన్నారనుకోండి. 100 రకం ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే అది అర మిల్లీలీటరు, అంటే ఒంట్లోకి పోయేది 50 యూనిట్లు. మనిషి తెల్లారేసరికి లేవకపోవచ్చు. తిరగేస్తే, 40 రకాన్ని నారింజ సిరంజిలో 20 దాకా లాగితే 8 యూనిట్లే పడతాయి, షుగరు ఎందుకు దిగడం లేదో ఎవరికీ అర్థం కాదు. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఇద్దరు మనుషులు పైకి చదివాకే సూది వేయండి. పెన్ను కార్ట్రిడ్జి నుంచి సిరంజితో లాగడం ఎన్నడూ చేయకండి.

తెరవని సీసా ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఐసు అరలో పెట్టకూడదు. తెరిచిన తేదీ సీసా మీద రాయండి, ఎక్కువ రకాలు నాలుగు వారాల తర్వాత పనికిరావు. మేలో వరంగల్ ఎండకు కారు డిక్కీలో రెండు గంటలు వచ్చిన ఇన్సులిన్‌ను నేనైతే వాడను, కొత్తది తెమ్మంటాను. ఖరీదని ఇంటివాళ్లు ముఖం చిట్లించినా సరే.

గ్లిమిపిరైడ్ వంటి షుగరు మాత్రలు వేసి, ఆ మనిషి కొత్త చోట అన్నం సహించక నాలుగు ముద్దలే తింటే షుగరు పడిపోతుంది. చెమట, వణుకు, తికమక మాటలు కనిపిస్తే గ్లూకోమీటరుతో చూడండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోను చేయండి.

వారపు మందులది ఇంకో కథ. కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే. రోజూ వేస్తే రక్తకణాలు పడిపోయి ప్రాణం పోతుంది. వారం పేరు ఎర్ర సిరాతో రాయండి: "బుధవారం మాత్రమే". 60,000 యూనిట్ల విటమిన్ డి కూడా సాధారణంగా వారానికి ఒకటే, కానీ చీటీలో '1-0-0' (పొద్దున ఒకటి) అని రాసి ఉంటే రోజూ వేసేవాళ్లు ఉన్నారు.

రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, అసెనోకుమరాల్ ఉంటే ఆఖరి ఐఎన్‌ఆర్ పరీక్ష (రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూసేది) ఎప్పుడో, ఎంత వచ్చిందో తెలియకుండా జాబితా ముగించకండి. పార్కిన్సన్స్ వారి లెవోడోపా మన డ్యూటీ వేళలకు కుదరదు. వాళ్లకు పదకొండింటి మాత్ర ఒంటిగంటకు వేస్తే మధ్యలో మనిషి కొయ్యబారిపోతాడు, ముద్ద కూడా మింగలేడు. వాళ్ల గడియారం ప్రకారమే మనం నడవాలి.

మొదటి రాత్రి

జాబితా డాక్టరుకు చూపించి సంతకం తీసుకున్నాకే మొదటి మాత్ర. డాక్టరు ఫోనులోనే దొరికితే జాబితా ఫొటో పంపి, ఆయన చెప్పింది రాసుకుని, రాసినది తిరిగి చదివి వినిపించండి. 'పదిహేను', 'యాభై' ఆంగ్లంలో చెప్పినప్పుడు ఫోనులో ఒకేలా వినిపిస్తాయి, అందుకే "ఒకటి, ఐదు" అని విడదీసి చదవండి.

అప్పటిదాకా అన్నీ ఆపి కూర్చోవాలని దీని అర్థం కాదు. ఫిట్స్ మందు, లెవోడోపా, ఇన్సులిన్, గుండె మందు, స్టెరాయిడ్ ఒక్క డోసు తప్పినా కష్టమే. వీటికోసం ఎంత రాత్రయినా డాక్టరును లేపండి. విటమిన్లు, క్యాల్షియం, కొలెస్ట్రాల్ మాత్ర తెల్లారేదాకా ఆగగలవు.

పెట్టెలు, పేర్లు

ఒక్కొక్కరికి ఒక పెట్టె, దాని మీద ఫొటో, పూర్తి పేరు, ఊరు. మన వైపు ఇది తప్పదు. మా దగ్గర ఒకే ఏడాది ముగ్గురు కొమురయ్యలు, ఇద్దరు సమ్మక్కలు ఉన్నారు. ఒకే గదిలో ఉన్న ఇద్దరు కొమురయ్యల్లో ఒకరికి చెవులు సరిగా వినపడవు. "కొమురయ్యా" అని పిలిస్తే ఎవరిని పిలిచినా ఆయనే "ఆఁ" అనేవాడు. పేరు మీరు చెప్పి అవునా అని అడగకండి, "తాతా, నీ పేరేమిటి, ఏ ఊరు?" అని ఆయన చేతనే చెప్పించండి. మతిమరుపు ఉన్నవారికి ఫొటోనే దిక్కు.

ముక్కు గొట్టం ఉన్నవారికి మాత్రలు నూరి వేయాల్సి వస్తే ముందు డాక్టరునో ఫార్మసిస్టునో అడగండి. పేరు చివర ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్, సీఆర్, ఈఆర్ అని ఉన్నవి నెమ్మదిగా కరిగేలా చేసినవి. నూరితే రోజంతా పనిచేయాల్సిన మందు ఒకేసారి పడుతుంది. మింగాక సంతకం చేయండి. పది మందికి ముందే సంతకాలు పెట్టేసి ట్రే పట్టుకుని బయలుదేరడం చాలాచోట్ల అలవాటు, మానేయాల్సిన అలవాటు.

తర్వాత మూడు రోజులు

రోజూ రెండుసార్లు బీపీ చూడండి, చూసిన ప్రతిసారీ కూర్చోబెట్టి ఒకటి, నిలబెట్టి ఒకటి. షుగరు ఉంటే అదీ. పగలంతా నిద్రమత్తు, తూలడం, మూత్రం తగ్గడం, అన్నం మానేయడం కనిపిస్తే వయసు మీదకు తోయకుండా ముందు మందుల జాబితా తెరవండి.

పొరపాటు జరిగితే మొదట మనిషిని చూడండి, వెంటనే డాక్టరుకు, తర్వాత ఇంటివాళ్లకు చెప్పండి, ఏ మందు ఎంత ఎప్పుడు పడిందో ఉన్నది ఉన్నట్టు రాయండి. చెప్పిన నర్సును మాన్పిస్తే తర్వాతివాళ్లు చెప్పరు, యాజమాన్యాలు ఇది గుర్తుంచుకోవాలి. మందు వల్ల దుష్ప్రభావం వచ్చిందనుకుంటే, అలాంటివి నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం వారి ఉచిత నంబరు 1800-180-3024కు తెలియజేయవచ్చు.

ఆసుపత్రికి వెళ్లి రెండు రోజులుండి వచ్చినా ఇదంతా మొదటి నుంచి చేయాల్సిందే. బతుకమ్మకో దసరాకో ఇంటికి వెళ్లి వచ్చినవాళ్లకు కూడా. పోయిన దసరా తర్వాత ఒక పెద్దమ్మ నవ్వుతూ దిగింది, చేతిలో సకినాల డబ్బా. మూత తీస్తే సకినాల మీద కాగితంలో చుట్టిన కొత్త స్ట్రిప్పు, మనవడు కొనిచ్చిన మోకాళ్ల నొప్పి మాత్రలు. ఆమె అప్పటికే వార్ఫరిన్ మీద ఉంది, దానికి నొప్పి మాత్రలు తోడైతే లోపల రక్తం కారే ప్రమాదం. తెల్ల గుడ్డ మళ్లీ పరిచాం.